2బి మ్యాచింగ్ పనిని రోబోకి అప్పగించడం ఎలా: అకౌంట్స్ వాళ్ళ కోసం

ప్రతి నెలా 14 నుంచి 20 దాకా అకౌంట్స్ సెక్షన్‌లో ఎవరిని కదిలించినా విసుక్కుంటారు. సప్లయర్లు మన పేరు మీద చూపించిన బిల్లుల జాబితా, అంటే జీఎస్టీఆర్-2బి, జీఎస్టీ పోర్టల్లోకి 14న వస్తుంది. నెలనెలా రిటర్న్ వేసేవాళ్ళు 20లోపు 3బి (ఆ నెల ట్యాక్స్ లెక్క చూపించి కట్టే రిటర్న్) వేసేయాలి. ఈ లోపల మన పుస్తకాల్లో ఎక్కిన ప్రతి కొనుగోలు బిల్లూ 2బిలో ఉందా లేదా అని చూసి టిక్కు పెట్టుకోవాలి. సప్లయర్ తన అమ్మకాల రిటర్న్‌లో (జీఎస్టీఆర్-1) బిల్లు చూపించి, అది మన 2బిలోకి వస్తేనే ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్ళ మీద కట్టిన ట్యాక్స్‌ని మనం కట్టాల్సినదాంట్లో తగ్గించుకోవడం) అని 2022 జనవరి 1 నుంచి జీఎస్టీ చట్టం సెక్షన్ 16(2)(ఏఏ) చెబుతోంది. బిల్లు చేతిలో ఉంది, డబ్బులు కట్టేశాం అంటే సరిపోదు.

ఈ టిక్కుల పనిలో చాలావరకు సాఫ్ట్‌వేర్ రోబోతో చేయించవచ్చు. నేను బీకామ్ చదివి, జీడిమెట్లలో ఒక కంపెనీలో బిల్లుల ఎంట్రీతో మొదలుపెట్టినదాన్ని. ఇప్పుడు అక్కడే రోబోల పని చూసుకుంటున్నాను. కోడింగ్ అంతంతమాత్రమే. కాబట్టి ఇది సాఫ్ట్‌వేర్ వాళ్ళ కంటే లెడ్జర్లు తెలిసినవాళ్ళకే ఎక్కువ పనికొస్తుంది.

రోబో అంటే మరేం లేదు. మనం మౌస్‌తో, కీబోర్డుతో చేసేదాన్నే చేసే ప్రోగ్రామ్. ఫైలు తెరుస్తుంది, కాపీ చేస్తుంది, పేస్ట్ చేస్తుంది, మెయిల్ పంపిస్తుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద ఆర్‌పీఏ (రోబోటిక్ ప్రాసెస్ ఆటోమేషన్) అని కనపడేది ఇదే. యూఐపాత్, ఆటోమేషన్ ఎనీవేర్, బ్లూ ప్రిజం పెద్ద పేర్లు. కానీ మొదటి రోబోకి వాటి లైసెన్సుల జోలికి వెళ్ళనక్కర్లేదు. విండోస్ 11లో పవర్ ఆటోమేట్ డెస్క్‌టాప్ ఉంటుంది. విండోస్ 10 వాళ్ళకి కూడా 2021 మార్చి నుంచి ఉచితమే. ఉచిత వెర్షన్‌లో రోబోని మనమే బటన్ నొక్కి మొదలుపెట్టాలి, రాత్రి రెండింటికి దానంతట అది లేచి పని చేయదు. ఈ పనికి అదే మంచిది కూడా. ఎందుకో కింద చెబుతాను.

అసలు రోబో కావాలా?

మీ బిల్లులన్నీ ఒకే ట్యాలీప్రైమ్‌లో ఉంటే ఇక్కడే ఆగిపోండి. 2బితో పోల్చి చూపించే సదుపాయం అందులోనే ఉంది, దాన్ని వాడుకోండి. ఉన్న బటన్ వదిలేసి రోబో కట్టుకోవడం డబ్బు దండగ.

రోబో అవసరం ఎక్కడ వస్తుందంటే, ఫ్యాక్టరీ బిల్లులు ఈఆర్‌పీలో (కంపెనీ పనులన్నీ నడిచే పెద్ద సాఫ్ట్‌వేర్), ట్రేడింగ్ బిల్లులు ట్యాలీలో, విజయవాడ బ్రాంచ్ వాళ్ళవి ఎక్సెల్‌లో ఉన్నప్పుడు. వీటన్నిటినీ ఒకచోట చేర్చి, 2బితో పోల్చి, తేడా ఉన్న పార్టీలకి, అంటే సప్లయర్లకి, విడివిడిగా మెయిళ్ళు పెట్టి, జవాబు వచ్చిందో లేదో చూసుకుంటూ తిరగాలి. ఏ ఒక్క సాఫ్ట్‌వేరూ ఇదంతా చేయదు. అతుకులన్నీ మనిషే వేస్తుంటాడు.

లెక్క కూడా వేసుకోండి. నెలకి 600 బిల్లులు, ఒక్కోదానికి 3 నిమిషాలు అనుకుంటే 30 గంటలు. అందులో 450 తిన్నగా కుదిరిపోతాయనుకుంటే 22 గంటలన్నర మిగులుతుంది. మిగతా 150 ఎలాగూ మనిషే చూడాలి. మీ బిల్లులు నెలకి 60 అయితే ఎక్సెల్‌లో ఒక మంచి ఫార్ములా చాలు. రోబో కట్టడానికీ, తర్వాత దాన్ని పోషించడానికీ పట్టే టైమ్ ముందు మిగిలే టైమ్ ఏ మూలకీ రాదు.

పక్కన కూర్చుని చూడండి

రోబో కట్టే ముందు ఆ పని ఇప్పుడు ఎవరు చేస్తున్నారో వాళ్ళ పక్కన ఒక నెల మ్యాచింగ్ జరుగుతున్నంతసేపూ కూర్చోవాలి. "ఎలా చేస్తారో చెప్పండి" అని అడిగితే నాలుగు ముక్కల్లో చెప్పేస్తారు. చూస్తే వేరేగా ఉంటుంది.

మా సీనియర్ అకౌంటెంట్‌ని ఆఫీసులో అందరం అక్కా అనే పిలుస్తాం. నోట్‌బుక్ పట్టుకుని ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ ఒక బిల్లు చూసి, 2బిలో లేకపోయినా ఏమీ రాయకుండా కిందకి వెళ్ళిపోయారు.

"అక్కా, ఇది 2బిలో లేదు కదా. పార్టీకి మెయిల్ పెట్టరా?"

"వాళ్ళు మూడు నెలలకోసారి వేసేవాళ్ళమ్మా. ఇప్పుడు అడిగి ఏం లాభం? జనవరిలో చూద్దాం."

"అది ఎక్కడ రాసుంది?"

"ఎక్కడ రాసుంటుంది? తెలుసంతే."

రోబోకి కావాల్సింది సరిగ్గా ఇదే. టర్నోవర్ 5 కోట్ల లోపు ఉన్నవాళ్ళు క్వార్టర్‌కి ఒకసారి రిటర్న్ వేసుకోవచ్చు. క్వార్టర్‌లో మొదటి రెండు నెలల బిల్లులు ఐఎఫ్‌ఎఫ్‌లో (అలాంటివాళ్ళు బిల్లులు ముందే చూపించుకునే సదుపాయం) ఎక్కించవచ్చు, ఎక్కించకపోయినా తప్పు లేదు. అలాంటి పార్టీ అక్టోబర్ బిల్లు జనవరిలో వచ్చే 2బి దాకా కనపడకపోవచ్చు. అక్క బుర్రలో ఉన్న ఆ జాబితాని వెండర్ మాస్టర్‌లో (సప్లయర్ల వివరాలుండే పట్టిక) కొత్త కాలమ్‌గా రాయించాం: నెలవారీ, క్వార్టర్. దాన్ని రాయకుండా రోబోని వదిలితే, ఏ తప్పూ చేయని చిన్న పార్టీలకి నెలనెలా మెయిళ్ళు వెళ్ళి గొడవలవుతాయి.

ఇంకో బిల్లు దగ్గర, "ఈ లారీ వాళ్ళదో?" అంటే, "అది ఆర్‌సీఎం. ట్యాక్స్ మనమే కడతాం, దాన్ని ఇందులో కలపకు" అన్నారు. అదీ ఒక రూలే. క్రెడిట్ తీసుకోకూడని బిల్లులు, క్యాంటీన్‌వీ, కార్లవీ, పుస్తకాల్లో ఏ లెడ్జర్‌లోకి వెళ్తాయో అదీ రాసుకోండి. ఇలా ఆవిడ ఆగిన ప్రతి చోటా, కళ్ళు ఇంకో విండో వైపు తిరిగిన ప్రతి చోటా, "ఎందుకు?" అని అడిగి రాసుకోవాలి. చివరికి ఆ కాగితాల్లో మామూలు స్టెప్పులు అర పేజీ వస్తాయి, మినహాయింపులు నాలుగు పేజీలు వస్తాయి. ఆ నాలుగు పేజీలూ అక్కకి చదివి వినిపించి, ఔనంటేనే ముందుకి వెళ్ళాలి.

బిల్లు నంబర్ల దగ్గరే అసలు పని

2బి ఎక్సెల్ ఫైలు దించుకుంటే మొదట రీడ్‌మీ షీటు ఉంటుంది. అందులో జీఎస్టిన్ (జీఎస్టీ రిజిస్ట్రేషన్ నంబరు), ఏ నెలది, ఎప్పుడు తయారైంది అనేవి ఉంటాయి. రోబో చేయాల్సిన మొదటి పని ఆ మూడూ చదివి సరిచూసుకోవడం. హైదరాబాద్ జీఎస్టిన్ 36తో మొదలవుతుంది, విజయవాడది 37తో మొదలవుతుంది. రెండు రాష్ట్రాల ఫైళ్ళూ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో పక్కపక్కనే పడి ఉంటాయి, పేర్లు చూస్తే ఒకేలా ఉంటాయి. నెల కుదరకపోయినా, జీఎస్టిన్ కుదరకపోయినా రోబో అక్కడే ఆగిపోవాలి.

తర్వాత బీటూబీ షీటు, సప్లయర్ల బిల్లులుండేది ఇదే. పైన కొన్ని వరుసలు శీర్షికలు, కలిపేసిన సెల్స్. అసలు డేటా ఎక్కడ మొదలవుతుందో చూసి ఆ వరుస నంబరు సెట్టింగ్స్‌లో రాసుకోండి, రోబో లోపల రాయొద్దు. క్రెడిట్ నోట్లకి (సప్లయర్ బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చేవి) వేరే షీటు ఉంటుంది, దాన్ని మరిచిపోతే మొత్తం లెక్క తప్పుతుంది.

ఇక బిల్లు నంబరు. జీఎస్టీ రూల్ 46 ప్రకారం ఇది 16 అక్షరాలు దాటకూడదు. అక్షరాలు, అంకెలు, హైఫన్, స్లాష్ ఉండొచ్చు. ఒక పార్టీ బిల్లు మీద "ఎస్‌ఎల్‌టి/24-25/0087" అని ఉంటుంది. మన ఎంట్రీ కుర్రాడు "87" అని కొట్టి వదిలేస్తాడు. ఇంకొకరు "ఎస్‌ఎల్‌టి-0087" అంటారు. సున్నా ఉన్నచోట ఇంగ్లీషు ఓ అక్షరం కొట్టేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. మనిషి కంటికి ఇవన్నీ ఒకటే. రోబోకి నాలుగు వేర్వేరు బిల్లులు.

దీని మీద ఎక్సెల్ చేసే ఉపకారం వేరు. సీఎస్‌వీ ఫైలుని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే "5-24" అనే బిల్లు నంబరు మే నెల తేదీగా మారిపోతుంది. "0087" లోని సున్నాలు పోతాయి. 16 అంకెల నంబరైతే ఇంకా ఘోరం. ఎక్సెల్ 15 అంకెల దాకానే గుర్తుపెట్టుకుంటుంది, చివరి అంకె సున్నా అయిపోతుంది. అలా తెరిచి సేవ్ చేస్తే అసలు నంబరు ఇక తిరిగి రాదు. అందుకే ఏ ఫైలునీ నేరుగా తెరవకండి. ఎక్సెల్‌లోనే డేటా తెచ్చుకోవడానికి ఉండే పవర్ క్వెరీ ద్వారా, బిల్లు నంబరు కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి తెచ్చుకోండి. తేదీలూ అంతే. 03/04 అంటే ఏప్రిల్ 3 అని మనకి తెలుసు, అమెరికా సెట్టింగ్స్ ఉన్న కంప్యూటర్‌కి అది మార్చి 4.

పోల్చడం మూడు దశల్లో చేయించండి.

మొదటి దశలో జీఎస్టిన్, బిల్లు నంబరు ఉన్నది ఉన్నట్టుగా కుదరాలి. ట్యాక్స్ కూడా రూపాయి అటూ ఇటూగా కుదిరితే టిక్కు. రూపాయి తేడా ఎందుకంటే రౌండింగ్. దాన్ని 10 రూపాయలు చేద్దామని ఎవరో ఒకరు అడుగుతారు. చేయకండి.

రెండో దశలో మిగిలినవాటికి బిల్లు నంబరు నుంచి హైఫన్లు, స్లాష్‌లు, ఖాళీలు తీసేసి, ముందున్న సున్నాలు కొట్టేసి, అన్నీ పెద్దక్షరాలు చేసి మళ్ళీ పోల్చాలి. ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. "1/11" నుంచీ "11/1" నుంచీ స్లాష్ తీసేస్తే రెండూ 111. అందుకని ఈ దశలో ట్యాక్స్‌తో పాటు ట్యాక్సబుల్ మొత్తం కూడా కుదరాలి, బిల్లు తేదీ అదే ఆర్థిక సంవత్సరంలో ఉండాలి. ఏప్రిల్ 1 రాగానే చాలామంది నంబర్లు మళ్ళీ 1 నుంచి మొదలుపెడతారు కదా.

మూడో దశలో నంబరు సంగతి వదిలేసి జీఎస్టిన్, మొత్తం కుదిరినవి వెతకాలి. దొరికినదాన్ని రోబో టిక్కు పెట్టకూడదు, "ఇదేనేమో చూడండి" అని పక్క కాలమ్‌లో చూపించాలి. నెలనెలా ఒకే అద్దె కట్టే చోట, ఒకే రేటుకి సరుకు తెచ్చే చోట ఒకే మొత్తంతో మూడు బిల్లులుంటాయి. ఏది ఏదో మనిషే తేల్చాలి.

ఇవన్నీ అయ్యాక కూడా మిగిలినవాటికి ఇంకో వెతుకులాట ఉంది, ఇది నాకు బాగా ఇష్టమైనది. జీఎస్టిన్‌లో మొదటి రెండంకెలు రాష్ట్రం, తర్వాతి పది అక్షరాలు పాన్. ఒకే పార్టీకి హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ రిజిస్ట్రేషన్ ఉంటే, బిల్లు 37 నుంచి వస్తుంది, మనవాళ్ళు 36 లెడ్జర్‌లో ఎక్కిస్తారు. 2బిలో ఒక చోట, పుస్తకాల్లో ఒక చోట, రెండు వైపులా దొరకలేదని చూపిస్తుంది. మధ్యలోని పది అక్షరాలతో వెతికితే దొరికిపోతుంది. రోబో దాని పక్కన "పాన్ కుదిరింది, రాష్ట్రం కుదరలేదు" అని రాయాలి. ఇది ఎంట్రీ తప్పు మాత్రమే అనుకోకండి. పక్క రాష్ట్రం నుంచి మనకి సరుకు వస్తే ఐజీఎస్టీ రావాలి, మనవాళ్ళు అదే రాష్ట్రంలో కొన్నట్టు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీగా విడగొట్టి ఉంటారు. 3బిలో తప్పు గడిలో పడుతుంది.

ఈ పోలిక అంతా పవర్ క్వెరీలో చేయండి. రోబోతో ఒక్కో వరుసా తీసి, ఇంకో షీటులో వెతికించే పద్ధతి నేర్పే వీడియోలు చాలా ఉన్నాయి. 600 వరుసలు అలా వెతికిస్తే టీ తాగి వచ్చినా అయి ఉండదు. రోబో ఫైళ్ళు తెచ్చి ఫోల్డర్‌లో పెట్టి, ఎక్సెల్‌ని రిఫ్రెష్ చేసి, ఫలితం చదువుకుంటే చాలు.

రోబోని కట్టడం

పోర్టల్ లాగిన్ దగ్గర క్యాప్చా ఉంటుంది. దాన్ని ఛేదించే సర్వీసులు అమ్మేవాళ్ళున్నారు, వాటి జోలికి పోవద్దు. మనిషి లాగిన్ అయి, 2బి దించి, అప్పుడు రోబో బటన్ నొక్కితే సరిపోతుంది. ఉచిత వెర్షన్ ఈ పనికి చాలు అన్నది అందుకే. మొదలుపెట్టడానికి ఎలాగూ ఒక మనిషి ఉండాలి. పెద్ద కంపెనీలైతే జీఎస్టీ సువిధా ప్రొవైడర్ల ద్వారా ఏపీఐతో (సాఫ్ట్‌వేర్ నేరుగా పోర్టల్ నుంచి డేటా తీసుకునే పద్ధతి) తెచ్చుకుంటాయి, అది వేరే దారి.

ట్యాలీ నుంచి రిజిస్టర్ తీయడానికి మౌస్ క్లిక్కులు రికార్డ్ చేయకండి. ట్యాలీ తెరలోని గడులూ బటన్లూ రోబోకి విడివిడిగా కనపడవు, మొత్తం ఒక బొమ్మలాగే కనపడుతుంది. కీబోర్డు మాత్రం బ్రహ్మాండంగా పని చేస్తుంది. ఆల్ట్ జి నొక్కి రిపోర్టు పేరు కొట్టి, ఆల్ట్ ఇ నొక్కితే ఎక్స్‌పోర్ట్. ట్యాలీ మీద చేయి తిరిగినవాళ్ళు ఎలాగూ మౌస్ ముట్టుకోరు, రోబో కూడా అదే నేర్చుకుంటుంది.

బ్రౌజర్‌లో నడిచే ఈఆర్‌పీ అయితే రోబో ప్రతి బటన్‌నీ ఒక చిరునామాతో గుర్తుపెట్టుకుంటుంది. దాన్ని సెలెక్టర్ అంటారు. రికార్డ్ చేసినప్పుడు విండో పేరు "పర్చేజ్ రిజిస్టర్ - నవంబర్ 2024" అని ఉంటే ఆ నెల పేరు కూడా చిరునామాలో కలిసిపోతుంది. డిసెంబర్‌లో రోబోకి ఆ విండో దొరకదు. సెలెక్టర్ తెరిచి, "పర్చేజ్ రిజిస్టర్‌తో మొదలయ్యేది" అని మార్చుకోవాలి. తెర మీద ఫలానా చోట క్లిక్ చెయ్యి అనే పద్ధతి ఎప్పుడూ వాడకండి. పక్క సీటు వాళ్ళ ల్యాప్‌టాప్‌లో డిస్‌ప్లే 125 శాతం ఉంటే క్లిక్ పోయి వేరే బటన్ మీద పడుతుంది.

"5 సెకన్లు ఆగు" అని కూడా పెట్టొద్దు. 20వ తేదీ సాయంత్రం సర్వర్ నత్తనడక నడుస్తుంటే 5 సెకన్లకి ఏమవుతుంది? "ఎక్స్‌పోర్ట్ బటన్ కనపడేదాకా ఆగు, 2 నిమిషాలైనా కనపడకపోతే చెప్పు" అని పెట్టాలి. డౌన్‌లోడ్ కూడా అంతే, ఫైలు ఫోల్డర్‌లోకి వచ్చేదాకా ఆగించాలి. వచ్చిన వెంటనే దాని పేరు మార్చి ఆ నెల ఫోల్డర్‌లోకి తరలించండి. డౌన్‌లోడ్స్‌లో ఒకే పేరుతో బ్రాకెట్లో 1, 2, 3 అని పేరుకుపోయిన ఫైళ్ళలో ఏది తాజాదో ఊహించే పని రోబోకి పెట్టకూడదు.

రోబో నడుస్తున్నంతసేపూ తెర లాక్ కాకూడదు. ఐటీ వాళ్ళతో మాట్లాడి ఆ కంప్యూటర్‌కి లాక్ టైమ్ పెంచించుకోండి, లేదా ఎవరో ఒకరు ఎదురుగా ఉన్నప్పుడే నడపండి.

తేడా వచ్చినప్పుడు

రెండు రకాల తేడాలుంటాయి, రెండింటికీ మందు వేరు. నెట్ పోవడం, విండో తెరుచుకోకపోవడం, ఎక్సెల్ హ్యాంగ్ అవడం యంత్రం తేడా. మళ్ళీ ప్రయత్నిస్తే సరిపోవచ్చు, రెండు మూడు సార్లు చేయించండి. బిల్లు 2బిలో లేకపోవడం, జీఎస్టిన్ 14 అక్షరాలే ఉండడం పని తేడా. వందసార్లు ప్రయత్నించినా అది అలాగే ఉంటుంది. దాన్ని "మనిషి చూడాలి" జాబితాలో పడేసి తర్వాతి వరుసకి వెళ్ళిపోవాలి. ఒక్క పాడు వరుస వల్ల 599 ఆగిపోకూడదు.

పవర్ ఆటోమేట్‌లో ఆన్ బ్లాక్ ఎర్రర్ అనే యాక్షన్ ఉంటుంది. ఒక్కో వరుసకి చేసే పనంతా దాని లోపల పెట్టండి. తప్పు జరిగినప్పుడు తెర ఫొటో తీసి సేవ్ చేయించండి. "రోబో ఆగిపోయింది మేడమ్" అని ఎవరైనా ఫోన్ చేస్తే మీకు ఉపయోగపడేది ఆ ఫొటో ఒక్కటే.

ప్రతి వరుస పక్కనా స్టేటస్ కాలమ్ తప్పనిసరి. పని పూర్తవగానే, తర్వాతి వరుసకి వెళ్ళకముందే అందులో రాసి సేవ్ చేయాలి. అన్నీ అయ్యాక చివర్లో ఒకేసారి రాద్దాం అనుకుంటే, మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి నుంచి నడిపిస్తారు. అప్పుడు సగం పార్టీలకి ఒకే మెయిల్ రెండుసార్లు వెళ్తుంది.

మెయిళ్ళు

బిల్లుకో మెయిల్ కాదు, పార్టీకో మెయిల్. ఆ పార్టీవి కనపడని బిల్లులన్నీ ఒకే పట్టికలో ఉండాలి. మా మెయిల్ ఇంతే: "నమస్కారం సార్, నవంబర్ 2బిలో మీ కింది బిల్లులు కనపడలేదు. జీఎస్టీఆర్-1లో చూపించారో లేదో చూసి చెప్పగలరు. ఇప్పటికే చూపించి ఉంటే ఏ నెలలో చూపించారో రాయండి." క్వార్టర్ పార్టీలని వదిలేయాలని వేరే చెప్పనక్కర్లేదు.

సీసీలో పర్చేజ్ వాళ్ళని పెట్టండి. అకౌంట్స్ నుంచి వెళ్ళే మెయిల్‌ని పార్టీలు రెండు వారాలైనా తెరవరు. ఆర్డరిచ్చే పర్చేజ్ సార్ పేరు కనపడితే సాయంత్రానికల్లా వాళ్ళ అకౌంటెంట్ దగ్గర్నుంచి ఫోన్ వస్తుంది.

మొదటి రెండు నెలలు మెయిళ్ళు పార్టీలకి కాకుండా మీ ఐడీకే వచ్చేలా పెట్టుకుని ఒక్కొక్కటీ చదవండి. ఒక పార్టీ బిల్లుల పట్టిక ఇంకో పార్టీకి వెళ్ళిందా, రేట్లు బయటపడ్డట్టే. ఇంకో చిన్న సంగతి, రోబోలోని అవుట్‌లుక్ యాక్షన్లు క్లాసిక్ అవుట్‌లుక్‌తోనే పని చేస్తాయి. ఎవరైనా కొత్త అవుట్‌లుక్‌కి మారి ఉంటే మెయిల్ స్టెప్ దగ్గర ఎర్రర్ వస్తుంది.

రోబో ముట్టుకోకూడనివి

2024 అక్టోబర్ నుంచి పోర్టల్లో ఇన్‌వాయిస్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ వచ్చింది. వచ్చిన బిల్లుని యాక్సెప్ట్, రిజెక్ట్, పెండింగ్ చేయొచ్చు. ఏమీ చేయకపోతే ఒప్పుకున్నట్టే. దీన్ని కూడా రోబోతో నొక్కించేద్దామని మా వాళ్ళు సరదా పడ్డారు, నేను ఒప్పుకోలేదు. మనం ఒక క్రెడిట్ నోట్‌ని రిజెక్ట్ చేస్తే అవతలి పార్టీ మీద ట్యాక్స్ భారం పెరుగుతుంది. రోబో జాబితా ఇస్తుంది, నొక్కేది మనిషి. 14 తర్వాత అక్కడ ఏదైనా నొక్కితే 2బిని మళ్ళీ కంప్యూట్ చేయించి, కొత్త ఫైలు దించుకుని రోబోని మళ్ళీ నడపాలి. రీడ్‌మీ షీటులో తేదీ చూడమన్నది ఇందుకే.

బ్యాంకు చెల్లింపులు, 3బి ఫైలింగ్ కూడా ఈ కోవలోకే వస్తాయి.

ఈఆర్‌పీలో, ట్యాలీలో రోబోకి సొంత యూజర్ ఐడీ ఇప్పించండి, చూడడానికి, ఎక్స్‌పోర్ట్ చేయడానికి మాత్రమే అనుమతితో. ఐడీ ఖర్చు ఎందుకు, అక్క ఐడీతో నడిపించండి అంటారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపించే చిట్టా) తప్పనిసరి. రాత్రి తొమ్మిదింటికి అక్క పేరు మీద ఏదో మారినట్టు కనపడితే ఆడిటర్‌కి జవాబు చెప్పుకోవాల్సింది అక్క. పాస్‌వర్డ్‌ని రోబో స్టెప్పుల్లో కనపడేలా రాయొద్దు. అది ఎప్పుడు గడువు తీరుతుందో క్యాలెండర్‌లో పెట్టుకోండి. ఆ రోజు తప్పకుండా 19వ తేదీనే వస్తుంది.

మారే విషయాలన్నీ, అంటే మెయిల్ ఐడీలు, ఫోల్డర్ దారులు, రూపాయి తేడా, ట్యాక్స్ రేట్లు, ఒక ఎక్సెల్ షీటులో బయట పెట్టండి. 2025 సెప్టెంబర్ 22న చాలా వస్తువులు 12, 28 శాతం స్లాబుల్లోంచి 5, 18లోకి వెళ్ళాయి. రేట్లు షీటులో ఉన్నవాళ్ళు రెండు గడులు మార్చుకుని ఊరుకున్నారు. రోబో లోపల రాసి పెట్టుకున్నవాళ్ళు స్టెప్పు స్టెప్పూ వెతుక్కున్నారు.

మొదలుపెట్టే రోజు

కట్టే పనంతా 21 తర్వాత పెట్టుకోండి. 14కీ 20కీ మధ్య ఏదీ మార్చొద్దు. మొదటి నెల అక్క ఎప్పటిలాగే చేతితో చేయాలి, రోబో కూడా చేయాలి, రెండు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వచ్చిన ప్రతి వరుసకీ కారణం రాయాలి. కొన్నిచోట్ల రోబో తప్పు, రూలు సరిచేయాలి. కొన్నిచోట్ల మనిషి కన్ను దాటిపోయి ఉంటుంది, దాన్ని పదిమందిలో చదవకండి. రెండో నెలా అలాగే నడిపి, తేడాలన్నిటికీ కారణం తేలాకే చేతి పని ఆపండి. ఆపిన తర్వాత కూడా నెలనెలా ఓ పది టిక్కులు ఏరి బిల్లులతో సరిచూడాలి.

మేనేజ్‌మెంట్ మీటింగ్‌లో "ఎంతమందిని తగ్గించొచ్చు?" అని అడుగుతారు. అక్క కూడా అదే గదిలో కూర్చుని ఉంటారు. ఆ లెక్క చెప్పడానికి నేనెప్పుడూ ఒప్పుకోను, అది నిజమైన లెక్క కూడా కాదు. 16వ తేదీకే తేడాల జాబితా చేతికి వస్తే, పార్టీల వెంట పడడానికి నాలుగు రోజులు దొరుకుతాయి. ఆ నెల ఎంత క్రెడిట్ ఆగింది, ఫాలోఅప్‌తో ఎంత తిరిగి వచ్చింది అన్నది రూపాయల్లో చూపించండి. ఫోన్ చేసి, బతిమాలి, కాస్త గదమాయించి బిల్లు ఎక్కించేలా చేసేది మనిషే కదా.

ఇది ఆరు నెలలు కుదురుగా నడిచాక రెండోది ఎత్తుకోండి. నన్నడిగితే కస్టమర్లు మన బిల్లుల మీద కోసిన టీడీఎస్‌ని ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్లో కనపడేదానితో పోల్చడం. పని చట్రం అదే. జీఎస్టిన్ బదులు ట్యాన్ (టీడీఎస్ కోసేవాళ్ళ నంబరు), నెల బదులు క్వార్టర్. బిల్లు నంబర్ల బెడద ఉండదు, మొత్తాలే పోల్చాలి. కాకపోతే కస్టమర్ మన పాన్ తప్పు కొట్టి ఉంటే అసలు వరుసే రాదు, దాన్ని రోబో కనిపెట్టలేదు. పుస్తకాల వైపు నుంచి మొదలుపెట్టి "ఈ కస్టమర్‌ది ఏమీ రాలేదు" అని చూపించే జాబితా ఒకటి మొదటి రోజు నుంచే పెట్టుకోండి.